సవరణ: ఓహెచ్‌ఐపీ-14లో స్కోరు పెరిగితే మంచిది కాదు

కట్టుడు పళ్ల మీద రాసిన పోస్టులో పెద్ద తప్పు చేశాను. ఓహెచ్‌ఐపీ-14 అనే ప్రశ్నావళిలో (నోటి సమస్యలు రోజువారీ జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతున్నాయో కొలిచేది) స్కోరు ఎక్కువొస్తే పేషెంటు బాగున్నట్టు అని రాశాను. నిజానికి అది పూర్తిగా రివర్స్.

అందులో 14 ప్రశ్నలుంటాయి. నోటి వల్ల ఇబ్బంది ‘ఎప్పుడూ లేదు’ అంటే 0, ‘చాలా తరచుగా’ అంటే 4. మొత్తం కలిపి ఎక్కువలో ఎక్కువ 56. అంకె పెరిగేకొద్దీ బాధ ఎక్కువని అర్థం. ఇలాంటిదే మరో ప్రశ్నావళి అయిన 12 ప్రశ్నల గోహాయ్‌లో మామూలుగా ఎక్కువొస్తేనే మేలు. ఆ రెండూ కలిపేశాను.

గాజువాక నుంచి ఒకావిడ, “అమ్మకి 38 వచ్చింది, ఫర్వాలేదు కదండీ?” అని అడిగారు. నా పోస్టు చూసే అలా అనుకున్నారని తెలిసి చాలా బాధేసింది. ఫర్వాలేదనుకోకండమ్మా. ఆ అంకె జబ్బు పేరు చెప్పదు గానీ, అమ్మగారు తినడానికో, మాట్లాడటానికో, నలుగురిలో నవ్వడానికో బాగా ఇబ్బంది పడుతున్నారని చెబుతోంది. పళ్ల సెట్టు చూడటానికి చక్కగా అమరినా ఇలా జరగొచ్చు. వేటికి 3, 4 వేశారో ఆ కాగితమే డాక్టరుగారికి చూపించండి.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను. దాన్ని ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇదీ పంపండి.