సూర్యుడు నిర్దోషి

బైకు ఇంజను వేడెక్కిందంటే గోదావరి జిల్లాల్లో నేరం ఒక్కడి మీదే పడుతుంది. "ఎండలండీ బాబూ" అంటాడు బండాయన. "ఆయ్, మరి ఎండలే కదండీ" అంటాడు మెకానిక్కు. ముద్దాయి 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంటాడు, వాయిదాలకి రాడు. అందుకని ఏటా వేసవిలో ఎక్స్‌పార్టీ తీర్పు ఇచ్చేసి అందరం కొబ్బరిబొండం తాగడానికి వెళ్లిపోతున్నాం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కాబట్టి ఇంజన్లూ పగలాలని మన గట్టి నమ్మకం. దానికి అడ్డుపడాలని కాదుగానీ, చిన్న లెక్క ఒకటి రికార్డులో పెట్టడం న్యాయం. గాలితో చల్లబడే ఇంజనులో ఫిన్నుల (సిలిండరు చుట్టూ ఉండే పలచటి లోహపు రెక్కల) వేడికీ బయటి గాలికీ మధ్య ఎంత తేడా ఉంటే, వేడి అంత జోరుగా బయటికి పోతుంది. ఫిన్నులు 150 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. గాలి 30 ఉంటే తేడా 120. మండుటెండలో గాలి 40కి వెళితే తేడా 110. తగ్గిన చల్లదనం నూటికి 8 పాళ్లు. ఇంజను ఇంకో పది డిగ్రీలు వేడెక్కి ఆ లోటు తనే పూడ్చుకుంటుంది. ఇంత చిల్లర నేరానికి ఆయనకి యావజ్జీవం వేసి, అసలు దొంగల్ని బండి కిందే వదిలేశాం.

అందులో ఏ1 బురద.

మన ఒండ్రుమట్టి సామాన్యమైంది కాదు, ఇటుకలు కోసి కాల్చుకునే సరుకు. వానాకాలం కాలవగట్టు మీద నాలుగు రోజులు తిరిగితే ముందు చక్రం ఆ మట్టిని తెచ్చి ఇంజను మొహాన కొడుతుంది. మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే నూరు సీసీ బళ్లలో సిలిండరు ముందుకి దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది గనక దెబ్బంతా దాని కొసనుండే మూత, అంటే హెడ్డుకే. వచ్చిన మట్టిని ఇంజను బట్టీ పెట్టినట్టు కాలుస్తుంది. వారం తిరిగేసరికి ఫిన్నుల సందుల్లో ఇటుకలు తయారు. కోతలప్పుడు తారురోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీంచి పోనిస్తే ఊకా తాలూ గడ్డిపరకలూ దాంట్లో కలుస్తాయి. హెడ్డు మీదుండే ట్యాపెట్ మూత దగ్గర కాస్త ఆయిలు కారుతుంటే జిగురుకి కూడా లోటుండదు. అల్యూమినియం నూరు పాళ్లు వేడి మోసే చోట ఎండిన మట్టి ఒక్క పాలు మోయడం గొప్ప. చలికి దుప్పటి కప్పుకున్నట్టు ఇంజను ఇటుకలు కప్పుకుని తిరుగుతుంటే మనం పైకి చూసి సూర్యుణ్ణి తిడతాం.

వాటర్ సర్వీసు చేయించామంటారు. నిజమే. ట్యాంకుకి షాంపూ అభిషేకం జరుగుతుంది, సీటుకి పాలిషు పడుతుంది. సిలిండరు అడుగు భాగం మాత్రం గర్భగుడి వెనక గోడలాంటిది, అటు ఎవరూ వెళ్లరు. పైగా ఒత్తిడి గన్నుతో ఎదురుగా కొడితే మట్టి బయటికి రాదు, ఇంకా లోపలికి దట్టిస్తుంది. కొబ్బరిచెట్ల కింద పుట్టి పెరిగిన మనకి దీనికి పనిముట్టు కొనక్కర్లేదు. ఇంజను చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, అంటే గంట తర్వాత, మట్టి మీద నీళ్లు చల్లి పావుగంట నాననివ్వాలి. గట్టి కొబ్బరి ఈనె రెండు ఫిన్నుల మధ్య దూర్చి ఈ చివర్నించి ఆ చివరికి లాగాలి. ఆయిలు పట్టిన చోట పాత టూత్‌బ్రష్షుని కిరసనాయిల్లో ముంచి రుద్ది, సబ్బునీళ్లతో కడిగెయ్యాలి. ఇనప స్క్రూడ్రైవరు మాత్రం వద్దు, ఫిన్ను అంచు విరుగుతుంది. ముందు మడ్‌గార్డుకి కిందిదాకా వేలాడే రబ్బరు ముక్క ఒకటి బిగిస్తే ఈ చాకిరీ సగం తగ్గుతుంది. లెగ్‌గార్డుకి గాలి అడ్డేలా కట్టిన ఫ్లెక్సీ ముక్క గురించి ఒక్క మాట: అందులో నాయకుడు నవ్వుతున్నాడు, వెనక హెడ్డు ఏడుస్తోంది.

ఏ2 నిలబడటం. నర్సాపురం లైనులో గేటు పడగానే బళ్లన్నీ కడ్డీకి ముక్కు ఆనించి, ఇంజన్లు ఆపకుండా రైలుకి ఎదురుకోలు పలుకుతాయి. కొందరు మధ్యమధ్య రేజు చేసి గౌరవం కూడా ప్రకటిస్తారు. ఐడిల్‌లో పుట్టే వేడి తక్కువే, కానీ తోసుకెళ్లే గాలి అసలే లేదు కాబట్టి వేడి పేరుకుంటూనే ఉంటుంది. నిమిషం దాటేలా ఉంటే ఆపెయ్యడమే. బాగా తోలి వచ్చి ఠక్కున ఆపితే ఇంకో తంటా: గాలీ లేదు, ఆయిలు తిరగడమూ లేదు, హెడ్డులో ఉన్న వేడి కాసేపు పైకే ఎక్కుతుంది. ఆఖరి కిలోమీటరు మెల్లగా వస్తే ఆ గొడవ ఉండదు.

ఇంత వేడి మీదున్న ఇంజనుకి మన ఊళ్లో అతిథి మర్యాద ఏమిటంటే చెంబుడు కాలవనీళ్లు. చుయ్యిమని ఆవిరి లేస్తే చుట్టూ జనానికి మహా తృప్తి. ఆ క్షణంలో హెడ్డు పైపొర బిగుసుకుంటుంది, లోపలిది సాగే ఉంటుంది. ఫిన్ను చిట్లొచ్చు, హెడ్డు వంగి గ్యాస్కెట్ దగ్గర ఊదొచ్చు. ప్లగ్గు గుంటలో నీరు నిలిచి బండి అక్కడే మొరాయించొచ్చు. వడదెబ్బ తగిలిన మనిషికి చేసేది లోహానికి చెయ్యకూడదు, లోహానికి చెమట పట్టదు.

ఏ3 పేరు మైలేజీ. కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న బళ్లలో దాని సూది క్లిప్పుని పై గాడికి మార్చి సూదిని దించితే గాలిలో పెట్రోలు పాలు తగ్గుతుంది. లీటరుకి మూడు కిలోమీటర్లు కలిసొచ్చాయని సంబరం, ఎగ్జాస్టు వాల్వు కాలుతోందని మాత్రం తెలియదు. ప్లగ్గు విప్పితే మొన లేత ఇటుక రంగులో ఉండాలి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక ఈ సూది వైద్యం చాలా బళ్లకి లేకుండా పోయింది, మెకానిక్కులకి అదో దిగులు. ఇక చించినాడ వంతెన ఎక్కేటప్పుడు వెనక కొబ్బరికాయల బస్తాలు, బండి 30లో, గేరు మాత్రం టాపులోనే. ఇంజను కటకటమంటున్నా గేరు దించితే పెట్రోలు తాగుతుందని భయం. గేరు దించితే ఇంజను తిరిగే వేగంతోపాటు ఆయిలు పంపూ జోరందుకుంటుంది, పిస్టన్ మీద బరువు తగ్గుతుంది. ఆ రెండూ పెట్రోలు బంకులో కనపడవు, సిలిండరూ పిస్టనూ విప్పి బాగుచేసే హాఫ్ ఇంజను పనికి వచ్చినప్పుడు కనపడతాయి.

ఇక ఆయిలు సంగతి డెల్టా వాళ్లకి చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ నీళ్ల పారకం మన ఒంట్లో ఉంది. శివారుకి నీరెందుకు అందదో, పూడిక ఎప్పుడు తియ్యాలో రచ్చబండ మీద ఎవర్నడిగినా చెబుతారు. ఇంజన్లోనూ అదే వ్యవహారం. పంపు బ్యారేజీ, కేసులో, అంటే ఇంజను తొడుగులో, తొలిచిన సన్నదారులు కాలవలు, పైన హెడ్డులో వాల్వుల్ని ఆడించే క్యామూ రాకర్లూ శివారు భూములు. ఆయిలు తగ్గినా, చిక్కబడినా, దారి పూడినా ముందు ఎండేది శివారే. అయినా నీటి తీరువా కట్టే పెద్దమనిషి బండికి ఆయిలు చూసి ఎన్నాళ్లయిందో చెప్పలేడు.

నూరు సీసీ బళ్లలో చాలావాటికి పట్టేది 800 నుంచి 1000 మిల్లీలీటర్లు. పిస్టన్ అడుగునుంచి వేడిని మోసుకొచ్చి కేసుకి అప్పజెప్పే కూలీలు అంతమందే. 800లో 200 తగ్గితే నలుగురిలో ఒకడు పనికి రానట్టు. మిగిలినవాళ్లు ఎక్కువసార్లు తిరిగి అలిసిపోతారు, కాలిపోతారు. ఎక్కువ పోసినా సుఖం లేదు. అడుగున తిరిగే ఇరుసు, క్రాంకు, దాన్ని మజ్జిగలా చిలికి నురగ తేలుస్తుంది, ఆ చిలకడంలోనే వేడి పుడుతుంది, మిగిలింది ఇంజను ఊపిరి వదిలే బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది. చూసే పద్ధతి ఇదీ: బండి చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి, మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, ఇంకో మూడు నిమిషాలాగి ఆయిలు కొలిచే పుల్ల తీసి తుడవాలి. చాలా నూరు సీసీ బళ్లలో పుల్లని మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. గీతలు రెండు, ఆయిలు మధ్యలో ఉండాలి.

"ఎండాకాలం కదా బాబాయ్, చిక్కటిది పొయ్యి" అన్నది మరో ఆచారం. 10డబ్ల్యూ-30 ఆయిలు 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల చిక్కదనంలో ఉంటుంది. 50 గ్రేడు అయితే 16.3 పైమాటే. పలచటి దానికి తవ్విన కాలవలో పాకం వదిలితే శివారుకి ఎప్పుడు చేరేను? కారాయిలు మిగిలింది కదా అని పోస్తే క్లచ్ ప్లేట్లు ఆ నూనెలోనే మునిగి ఉంటాయి గనక జారడం మొదలెడతాయి. డబ్బా మీద బైకు ఆయిలు ప్రమాణం గుర్తు జాసో ఎంఏ అని ఉందో లేదో చూసుకోవాలి. ఎంబీ గేర్లులేని స్కూటర్లది.

ఆయిలు వేడి 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యం. అక్కణ్ణించి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిలు చెడే వేగం దరిదాపు రెట్టింపవుతుంది. కొలవడానికి పరారుణ గన్ను ఉంటే మెరిసే లోహం మీద పెట్టొద్దు, తప్పు చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద పెట్టాలి. గన్ను లేకపోతే దోసెల పెనం శాస్త్రం ఉండనే ఉంది. వేలితో ఒక్క చుక్క చిలకరిస్తే మెల్లగా ఆరిందా, 100 లోపు, చుయ్యిమందా, దాటింది, హెడ్డు మీద ముత్యంలా దొర్లిందా, 200 చుట్టుపక్కల, దోసె వేసుకోవచ్చు. ఇక వేడెక్కనివ్వకపోవడం కూడా రోగమే. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరై పుడుతుంది. ఇంటినుంచి మార్కెట్టుకి రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో అది ఆయిల్లోనే మిగిలి, మూత తీస్తే కొబ్బరిపాల మీగడ కనిపిస్తుంది. వారానికోసారి ఒక 20 కిలోమీటర్లు ఆపకుండా పోనిస్తే ఆరిపోతుంది. అయినవిల్లి వినాయకుడి దర్శనం కూడా అయిపోతుంది.

వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీస్తాం కదా, ఇంజనుకీ అలాంటి పూడిక గుంట ఒకటుంది. కుడివైపు మూత వెనక క్రాంకు మీద తిరిగే రోటరు ఫిల్టరు మడ్డినంతా గోడకేసి కొట్టి పట్టుకుంటుంది. ఆయిలు ఎన్నిసార్లు మార్చినా మూత విప్పితే తప్ప అది పోదు. విప్పాలంటే గ్యాస్కెట్ కొత్తది వెయ్యాలి, గంట పని, కాబట్టి షెడ్డులో దాని పేరెత్తరు. ఆయిలు మార్చేది మాత్రం ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడే, వాషరు కొత్తది వేసి, డ్రెయిన్ బోల్టుని స్పానరు మీద ఎక్కి తొక్కకుండా. అల్యూమినియం మర పోతే కేసే మార్చాలి.

డబ్బా లీటరుది, కొన్ని బళ్లు తాగేది 800. షెడ్డులో మిగిలిన ఆ 200 మిల్లీలీటర్లు ఎక్కడికి పోతున్నాయని అడిగితే "చైనుకి కొట్టామండీ" అంటారు. అడిగినవాడి చైను ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. అయినా అందులో కూడా సూర్యుడి ప్రమేయం ఉందని ఏదో ఒక షెడ్డులో చెప్పే రోజు దూరంలో లేదు.