పనిచేస్తోంది, ముట్టుకోవద్దు

ఏ ప్రభుత్వ సంస్థకైనా వెళ్లండి. బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఒక కంప్యూటర్ ఉంటుంది. దాని మీద టేపుతో అతికించిన కాగితం: ‘పనిచేస్తోంది, ముట్టుకోవద్దు’. కాగితం పచ్చబడిపోయి ఉంటుంది. ‘వద్దు’ కింద రెండు గీతలుంటాయి. అది ఏం పనిచేస్తోందో అక్కడ ఎవరికీ తెలియదు. ఆపితే జీతాలు ఆగిపోతాయని మాత్రం అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకమే సంస్థ మొత్తానికి సర్వర్.

దీన్ని ఆధునికీకరించాలని కొందరు తొందరపడుతున్నారు. వాళ్లకి చరిత్ర తెలియదు. అమెరికా అణు దళాలకు ఆదేశాలు పంపే వ్యవస్థ 1970ల నాటి ఐబీఎం యంత్రాలతో, డేటా దాచే 8 అంగుళాల పాతకాలపు ఫ్లాపీ డిస్కులతో ఏళ్ల తరబడి నడిచింది. ఆ ఫ్లాపీలకు సెలవిచ్చింది 2019లో. లోకాన్ని బూడిద చేయడానికి పనికొచ్చిన ఫ్లాపీ జనన ధ్రువపత్రానికి పనికిరాదా? జపాన్‌లో 2022లో డిజిటల్ మంత్రి తారో కోనో ఫ్లాపీల మీద ఏకంగా యుద్ధం ప్రకటించారు. 2024 జులై నాటికి గానీ గెలిచామని చెప్పుకోలేకపోయారు. ఫ్లాపీలను చెత్తబుట్టలో వేయడానికి ఒక పూట చాలు. ఫ్లాపీలోనే ఇవ్వాలని రాసిపెట్టిన నిబంధనలు మాత్రం వెయ్యికి పైగా తేలాయి. వాటిని తీసేసరికి రెండేళ్లు పట్టింది.

డబ్బుల్లేకే ఇదంతా అనుకుంటారు చాలామంది. డబ్బున్న చోట కూడా ఇదే కథ. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2015 ఆర్థిక సంవత్సరంలో ఐటీకి 8,000 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. అందులో సుమారు 75 శాతం ఉన్నవాటిని నడపడానికే పోయిందని వాళ్ల ఆడిటర్లే తేల్చారు. వనరులు తక్కువున్న సంస్థకు ఆ బాధ లేదు. డబ్బున్నవాళ్లు పాతదాన్ని పోషిస్తారు. లేనివాళ్ల దగ్గర పాతది దాని బతుకు అది బతుకుతుంది.

అలాగని కొనుగోళ్లు జరగవని కాదు. ఆర్థిక సంవత్సరం ఇంకో వారంలో ముగుస్తుందనగా ఉన్నట్టుండి నిధులు మేల్కొంటాయి. వెంటనే ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతాయి. కాబట్టి కంప్యూటర్లు దిగుతాయి. కంప్యూటర్లది ఒక పద్దు, యూపీఎస్‌లది ఇంకో పద్దు, వైరింగ్‌ది మరో పద్దు. మొదటిది మంజూరైంది, రెండోది పరిశీలనలో ఉంది, మూడోది అడగడం ఎవరో మర్చిపోయారు. ఈలోగా పెద్దాయన వచ్చి రిబ్బన్ కత్తిరించి, ఫొటో దిగి వెళ్లిపోతారు. కరెంటు పాయింట్లు వచ్చేదాకా కంప్యూటర్లు అట్టపెట్టెల్లో ఉంటాయి, వారంటీ మాత్రం బయట తిరుగుతుంటుంది. పెట్టెలు విప్పే రోజుకి అది అయిపోతుంది.

ఇక సిబ్బంది. ఇంతటి వ్యవస్థని చూసుకోవడానికి ఒకే ఒక్క మనిషి ఉంటాడు, అదీ కాంట్రాక్టు మీద. పేరేదైనా అందరూ పిలిచేది ‘కంప్యూటర్ అబ్బాయి’ అనే. సర్వర్ పాస్‌వర్డ్ అతనికే తెలుసు. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగేదీ అతనే, పై అధికారి ఫోన్‌లో వాల్‌పేపర్ మార్చేదీ అతనే. అతను సెలవు పెడితే సంస్థకి సెలవు. బయట ఎవరో నాలుగు డబ్బులు ఎక్కువిస్తామంటే వెళ్లిపోతాడు, పాస్‌వర్డ్ కూడా అతనితోనే పోతుంది. అబ్బాయి అన్నామని వయసు చిన్నదనుకోకండి. 2020 ఏప్రిల్‌లో కరోనా దెబ్బకి నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ తెలిసినవాళ్లు ఎవరైనా స్వచ్ఛందంగా సాయానికి రండని న్యూజెర్సీ గవర్నర్ బహిరంగంగా అడిగారు. అక్కడి పాత వ్యవస్థ నడిచేది 1959లో రూపుదిద్దుకున్న కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే. అది వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే మనవలతో ఆడుకుంటున్నారు.

ఎక్సెల్ సంగతి చెప్పకపోతే పాపం. డేటాబేస్ కొనడానికి డబ్బు లేని ప్రతిచోటా దాని కుర్చీలో కూర్చునేది ఎక్సెలే. ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ 2020లో కరోనా పరీక్షల ఫలితాలను పాత ఎక్స్ఎల్ఎస్ ఫైళ్లలోకి ఎక్కించింది. ఆ ఫార్మాట్‌లో 65,536 వరసలే పడతాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లకి చోటు లేదు. దాదాపు 16 వేల పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోంచి జారిపోయాయి, వాళ్లతో దగ్గరగా మెలిగినవాళ్లకి కబురు ఆలస్యంగా అందింది. పది లక్షలకు పైగా వరసలు పట్టే కొత్త ఫార్మాట్ 2007 నుంచే ఉంది. కానీ పాతది పనిచేస్తోంది కదా, ఎందుకు ముట్టుకోవడం?

ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వాడొచ్చు. మ్యూనిక్ నగరపాలక సంస్థ పదేళ్లు కష్టపడి సుమారు 15,000 కంప్యూటర్లను లైనక్స్‌కి మార్చింది, 2017లో మళ్లీ విండోస్‌కే ఓటేసింది. సాఫ్ట్‌వేర్ ఉచితమే. దాన్ని నేర్పే మనిషి, బాగుచేసే మనిషి, ‘పాతదే బాగుంది’ అన్న గొణుగుడు వినే మనిషి ఉచితంగా దొరకరు.

అసలు ఉచితంగా వచ్చినదాన్ని మనవాళ్లు ఎంత గౌరవిస్తారో చూడాలంటే 2017 చూడాలి. విండోస్‌లో కన్నం ఉందని, ఇదిగో అతుకు అని మార్చిలో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చింది. మే 12న వాన్నాక్రై అనే వైరస్ ఆ కన్నంలోంచే దూరి, బ్రిటన్‌లో ఆసుపత్రుల కంప్యూటర్లకు తాళం వేసింది. డాక్టర్ల అపాయింట్‌మెంట్లు వేలల్లో రద్దయ్యాయి. రెండు నెలలు టైముంది కదా, అప్‌డేట్ ఎందుకు వేయలేదని అడగడం తేలిక. అప్‌డేట్ వేస్తే రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ చేస్తే కౌంటర్ ఆగుతుంది, ఆగితే వరసలో ఉన్నవాళ్లు అరుస్తారు, అరుపులు పైకి వినపడతాయి. అప్‌డేట్ వేయకపోతే ఎవరూ అరవరు, కనీసం ఆ రోజుకి. ఇందులో ఏది వివేకమో అక్కడ కూర్చున్న గుమాస్తాకి మనకన్నా బాగా తెలుసు.

అన్నిటికన్నా నాకు నచ్చింది కొరియా ఉదంతం. 2025 సెప్టెంబర్ చివర్లో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా సెంటర్‌లో యూపీఎస్ బ్యాటరీలు తరలిస్తుండగా మంటలు లేచాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే ‘జీ-డ్రైవ్’ కాలిపోయింది. అందులో ఉన్నది 858 టెరాబైట్లు. దానికి వేరే చోట కాపీ లేదు. ఎందుకు లేదంటే, బ్యాకప్ తీయడానికి వీల్లేనంత పెద్దదట! పెట్టె మరీ పెద్దదైపోయిందని తాళం వేయకుండా వదిలేసినట్టుంది. అదీ ఇంటర్నెట్ వేగానికి లోకమంతా మెచ్చుకునే దేశంలో.

వీటన్నిటి మీదా చాలాకాలం ఆలోచించి, నేనొక ప్రతిపాదన తయారు చేశాను. లోపం యంత్రాల్లో లేదు, రిబ్బన్‌లో ఉంది. కొత్త కంప్యూటర్‌కి రిబ్బన్ ఉంది, కొత్త పోర్టల్‌కి రిబ్బన్ ఉంది. బ్యాకప్‌కి లేదు. అప్‌డేట్‌కి లేదు. పాస్‌వర్డ్‌లు ఎక్కడున్నాయో రాసిపెట్టిన నోటుబుక్కుకి అసలే లేదు. ఫొటో రాని పనికి పెద్దలు రారు, పెద్దలు రాని పనికి నిధులు రావు. అందుకని ప్రతి మూడు నెలలకీ బ్యాకప్‌లోంచి ఒక ఫైలుని వెనక్కి తీసి చూసే ఉత్సవం జరపాలి. వేదిక, మైకు, ముఖ్య అతిథి, రిబ్బన్. ఫైలు తెరుచుకుంటే చప్పట్లు. తెరుచుకోకపోతే ముఖ్య అతిథి అక్కడే ఉంటారు కాబట్టి అదీ మంచిదే.

ఈ ప్రతిపాదనని ఒక సంస్థకి రాసి పంపాను. మామూలుగా ఏడాది పట్టే జవాబు పది రోజుల్లో వచ్చింది. వేదిక, మైకు, రిబ్బన్, కత్తెర మంజూరయ్యాయి. బ్యాకప్ తీయడానికి అడిగిన ఒకే ఒక్క హార్డ్‌డిస్క్ దగ్గర మాత్రం ఎర్ర సిరాతో చిన్న ప్రశ్న ఉంది: ‘ఇది ఏ పద్దు కింద?’