శంకుస్థాపనకు ముందూ, తర్వాతా

కొత్త విద్యుత్ కేంద్రాన్ని ప్రకటించే ప్రతి ప్రభుత్వమూ ఉత్పత్తి ఎప్పుడు మొదలవుతుందో ఒక తేదీ చెబుతుంది. పెద్ద కేంద్రాల విషయంలో ఆ తేదీ నిలబడటం అరుదు. జాప్యానికి గుత్తేదారుల అసమర్థతనో, స్థానికుల అభ్యంతరాలనో కారణంగా చూపడం పరిపాటి అయింది. అందులో కొంత నిజం లేకపోలేదు గానీ, అసలు లోపం లెక్క మొదలుపెట్టే చోటే ఉందన్నది మా అభిప్రాయం. నిర్మాణ కాలాన్ని పనులు ప్రారంభమైన రోజు నుంచి లెక్కిస్తున్నారు. కరెంటు కోసం ఎదురుచూసేవారికి మాత్రం కేంద్రం కట్టాలని నిర్ణయించిన రోజు నుంచి, తీగల్లో విద్యుత్తు పారే రోజు దాకా గడిచినదంతా నిరీక్షణే.

అణు విద్యుత్తులో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ గణాంకాల్లో రియాక్టర్ నిర్మాణం మొదలైనట్టు నమోదయ్యేది పునాదికి తొలి కాంక్రీటు పోసిన రోజునే. స్థలపరీక్షలు, అనుమతులు, రుణ ఒప్పందాలకు పట్టిన ఏళ్లు ఆ లెక్కలోకి రావు. వాటిని వదిలేసినా, ఫిన్లాండ్‌లో 2005లో మొదలై 2009 నాటికి పూర్తి కావలసిన ఓల్కిలువోటో మూడో యూనిట్ 2023 ఏప్రిల్‌లో గానీ పూర్తిస్థాయి ఉత్పత్తికి రాలేదు. ఫ్రాన్స్‌లోని ఫ్లామన్‌విల్ మూడో యూనిట్‌కు 2007 డిసెంబరులో కాంక్రీటు పోస్తే, గ్రిడ్‌తో అనుసంధానం 2024 డిసెంబరులో జరిగింది. అదే తరహా రియాక్టరును చైనా తైషాన్‌లో 2009లో మొదలుపెట్టి 2018 చివరికల్లా వాణిజ్య ఉత్పత్తిలోకి తెచ్చింది; అదీ అనుకున్న గడువు దాటాకే. జపాన్‌లోని కాషివజాకి కరివా ఆరో యూనిట్ పనులు 1992లో మొదలై 1996లోనే ముగిశాయి. కనుక రియాక్టర్ అంటే ఆలస్యమేనన్న తీర్మానం సరికాదు.

మరి తేడా ఎక్కడ వస్తోంది? డిజైన్ పూర్తి కాకుండానే పని మొదలుపెట్టడం, దశాబ్దాల విరామంలో అనుభవజ్ఞులైన ఇంజినీర్లు, వెల్డర్లు, విడిభాగాల తయారీదారులు చెదిరిపోవడం పశ్చిమ దేశాల్లో ప్రధాన కారణాలు. ఒకచోట గీసిన నమూనా మారితే, దానికి అనుగుణంగా అప్పటికే బిగించిన పైపులను తొలగించాలి, నియంత్రణ సంస్థ పరిశీలన మళ్లీ మొదలవ్వాలి. అమెరికాలోని వోగ్టిల్ మూడు, నాలుగు యూనిట్ల నిర్మాణం 2013లో ప్రారంభమైంది. మధ్యలో 2017లో ప్రధాన గుత్తేదారు దివాలా రక్షణ కోరింది. ఆ యూనిట్లు 2023, 2024లలో గానీ వాణిజ్య ఉత్పత్తికి రాలేదు, మొత్తం వ్యయం 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఇందుకు భిన్నంగా, 1974లో చమురు సంక్షోభం నీడలో అణు విద్యుత్తు వైపు మళ్లాలని నిర్ణయం తీసుకున్న ఫ్రాన్స్ కొద్దిపాటి నమూనాలనే పదేపదే కడుతూ సుమారు 15 ఏళ్లలో 50కి పైగా రియాక్టర్లను పనిలోకి దించింది. అదే దేశం ఫ్లామన్‌విల్‌లో 17 ఏళ్లు తీసుకుందంటే, పోయింది విజ్ఞానం కాదు, చేతికి ఉండే అలవాటు అనుకోవాలి.

ఆలస్యానికి అసలు మూల్యం వడ్డీ. ఉత్పత్తి మొదలయ్యే వరకు కేంద్రానికి రాబడి ఉండదు, అప్పు మాత్రం ఏటా పెరుగుతూనే ఉంటుంది, చివరకు ఆ భారమంతా యూనిట్ ధరలోకి చేరి వినియోగదారుడి బిల్లుపై పడుతుంది. గడువు తగ్గించుకోవడమే చౌక విద్యుత్తుకు దగ్గరి దారి అయినా, దీనిపై చర్చ టారిఫ్‌లపై చర్చలో పదో వంతు కూడా జరగదు.

సౌర, పవన కేంద్రాలను ఒకటి రెండేళ్లలో కట్టవచ్చన్నది నిజం. అవి ముక్కలుగా వచ్చి బిగించుకునేవి, పైగా ఒక భాగం పూర్తయితే ఆ మేరకు ఉత్పత్తి మొదలుపెట్టవచ్చు. అయితే సౌర కేంద్రం ఏడాది పొడవునా సగటున తన సామర్థ్యంలో నాలుగో వంతుకు అటూ ఇటూగా మాత్రమే ఇస్తుంది కాబట్టి, మెగావాట్లను పక్కపక్కన పెట్టి నెలలు పోల్చడం మోసపుచ్చే లెక్క. 2017లో దక్షిణ ఆస్ట్రేలియాలో 100 మెగావాట్ల హార్న్స్‌డేల్ బ్యాటరీ కేంద్రాన్ని 100 రోజుల్లోపే పూర్తి చేశారని ప్రపంచమంతా మెచ్చుకుంది. గడియారం ఒప్పందంపై సంతకాలయ్యాకే మొదలైందని, అప్పటికే పని సగం దాకా నడిచిందని అంతగా ఎవరూ గమనించలేదు.

అయినా వేగంగా కట్టే ఈ కేంద్రాలకే నేడు అతిపెద్ద అడ్డంకి ఎదురవుతోంది. అది తీగల కొరత. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023 నివేదిక ప్రకారం పునరుత్పాదక కేంద్రాలకు ఒకటి నుంచి ఐదేళ్లు పడితే, కొత్త సరఫరా లైన్లకు ప్రణాళిక నుంచి పూర్తయ్యేదాకా ఐదు నుంచి 15 ఏళ్లు పడుతోంది. గ్రిడ్ అనుసంధానం కోసం నిరీక్షిస్తున్న పునరుత్పాదక ప్రాజెక్టుల సామర్థ్యం అప్పటికే 3,000 గిగావాట్లు. అమెరికాలో న్యూమెక్సికో గాలి విద్యుత్తును పడమటి రాష్ట్రాలకు చేర్చే సన్‌జియా లైన్‌ను 2006లో ప్రతిపాదిస్తే, పనులు మొదలైంది 2023లో. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటే నాలుగేళ్ల వరకు ఆగాల్సి వస్తోంది. రెండు మూడేళ్లలో కట్టగలిగే గ్యాస్ కేంద్రాలకూ భారీ టర్బైన్లు తయారుచేసే కంపెనీలు కొన్నే, వాటి ఆర్డర్ పుస్తకాలు ఏళ్ల తరబడి నిండి ఉన్నాయి.

అలాగని అనుమతుల కాలమంతా వృథా అనే వాదనతో మేము ఏకీభవించడం లేదు. చైనాలోని త్రీ గోర్జెస్ ఆనకట్ట 1994లో మొదలై 2012లో చివరి ప్రధాన టర్బైన్‌తో పూర్తయ్యేలోగా 12 లక్షలకు పైగా ప్రజలు ఇళ్లు విడిచారు. జలవిద్యుత్తులో భూగర్భ పరిశీలనను, పునరావాసాన్ని కుదించి మిగిల్చుకున్న ఏడాది తర్వాత పదేళ్ల తగువుగా తిరిగిరావచ్చు. కుదించవలసింది పరిశీలనను కాదు, ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి ఫైలు కదలడానికి పట్టే సమయాన్ని. యూరోపియన్ యూనియన్ 2023లో ఎంపిక చేసిన ప్రాంతాల్లోని భూతల పునరుత్పాదక ప్రాజెక్టులకు ఏడాదిలోపు అనుమతి ఇవ్వాలని చట్టం చేయడం ఆ దిశలో మంచి అడుగు. పర్యావరణ పరిశీలన ముందుగానే ఆ ప్రాంతం మొత్తానికి జరుగుతుంది, ప్రతి ప్రాజెక్టుకూ మొదటి నుంచి కాదు.

తీగల విషయంలో టెక్సాస్ అనుభవం ఇంకా స్పష్టమైనది. గాలి బాగా వీచే పశ్చిమ ప్రాంతంలో కేంద్రాలు లేకముందు లైన్లు ఎందుకు, లైన్లు లేకుండా కేంద్రాలు ఎలా అన్న చిక్కుముడిని ఆ రాష్ట్రం 2005లో చట్టం ద్వారా తెంచింది. ముందు జోన్లను గుర్తించి, 2008లో ప్రణాళిక ఖరారు చేసి, సుమారు 700 కోట్ల డాలర్ల ఖర్చుతో 18,500 మెగావాట్లు మోయగల లైన్లను 2014 నాటికి సిద్ధం చేసింది. కేంద్రాలు వాటి వెంటే వచ్చాయి. విద్యుత్ కేంద్రాలకు తేదీలు ప్రకటించే ప్రభుత్వాలు ఇకపై వాటి పక్కనే లైన్ల తేదీని, అనుమతుల తేదీని కూడా ప్రకటించాలి. మూడింటిలో దూరంగా ఉన్నది ఏదో, అదే కేంద్రం పూర్తయ్యే తేదీ.