నోటు మీద చెల్లు రాయించుకోవాలని మా అత్తకి ఎవరూ చెప్పలేదు

మా మేనత్తది కోవూరు దగ్గర పల్లె. 2013లో రెండు బర్రెల్ని అమ్మిన డబ్బు, ఏళ్ళ తరబడి దాచుకున్న పాల డబ్బు, ఒక జత గాజులు అమ్మితే వచ్చింది, అన్నీ కలిపి మూడు లక్షలు తెలిసినాయనకి నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇచ్చింది. ప్రాంసరీ నోటు రాయించుకుంది, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, కింద ఇద్దరు సాక్షులు, అంతా పద్ధతిగానే. ఆ నోటుని పట్టుచీర మడతలో పెట్టి ట్రంకు పెట్టెలో దాచింది. 2014 సంక్రాంతికి, 2015 సంక్రాంతికి ఆయన వడ్డీ తెచ్చి చేతిలో పెట్టాడు, అత్త ఆ లెక్క పాల పుస్తకంలో పెన్సిలుతో రాసుకుంది. తర్వాత అదిగో ఇదిగో అన్నాడు, పంట రానీ అన్నాడు, కూతురి పెళ్ళి అన్నాడు. 2017 మొదట్లో ఇంక లాభం లేదని ప్లీడరు దగ్గరికి పోతే ఆయన నోటు ముందువైపు చూసి, తిప్పి వెనకవైపు చూసి, "చెల్లు ఏదమ్మా" అన్నాడంట. వెనకవైపు తెల్లగా ఉంది.

నోటుకి గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలోపు బాకీదారు ఎంతో కొంత కట్టి, ఫలానా తేదీన ఇంత ఇచ్చాను అని నోటు వెనక రాసి సంతకం పెడితే, దాన్నే చెల్లు అంటారు, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తుంది. 2015 సంక్రాంతికి వడ్డీ ఇచ్చినప్పుడు ఆ రెండు లైన్లు రాయించుకుని ఉంటే అత్తకి 2018 దాకా టైం ఉండేది, ప్లీడరు దగ్గరికి వెళ్ళిన రోజుకి ఇంకా ఏడాది చేతిలో ఉండేది. పాల పుస్తకంలో అత్త చేత్తో అత్త రాసుకున్నది లెక్కలోకి రాలేదు, ఎందుకంటే అది అప్పు తీసుకున్నాయన రాయాలి లేదా ఆయన సంతకం ఉండాలి. ఇందులో పెద్ద చదువు ఏముంది చెప్పండి, అరగంటలో అర్థమయ్యే విషయం. ఆ అరగంట చెప్పేవాళ్ళు లేక మూడు లక్షలు పోయినాయి. "నేనేం తప్పు చేశాను అబ్బయా, నోటు జాగ్రత్తగానే పెట్టుకున్నా కదా" అని ఫోన్లో అత్త అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఈ విషయం మళ్ళీ నాకు గట్టిగా గుర్తొచ్చింది కాలిఫోర్నియాలో మా కౌంటీ లా లైబ్రరీలో కూర్చున్నప్పుడు. మేం అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తే ఓనర్ డిపాజిట్ తిరిగివ్వకుండా నెలలు గడిపాడు, ఎవరో చెప్తే లైబ్రరీలో స్మాల్ క్లెయిమ్స్ మీద, అంటే చిన్న మొత్తాల దావాల మీద, ఫ్రీ క్లాసు ఉందని వెళ్ళాను. ఇక్కడ 1891లో చేసిన చట్టంతో మొదలై ప్రతి కౌంటీకీ ఒక లా లైబ్రరీ ఉంది, కోర్టులో సివిల్ కేసు వేసేవాళ్ళు కట్టే ఫీజులోంచి కొంత భాగం దాని ఖర్చుకి పోతుంది, ఎవరైనా లోపలికి పోవచ్చు. చాలా లైబ్రరీల్లో అద్దె గొడవలు, వీలునామాలు, పేరు మార్చుకోవడం, చిన్న మొత్తాల దావాలు ఇట్టాంటి వాటి మీద ఫ్రీగా క్లాసులు పెడతారు. ఆ రోజు ఒక లేడీ లాయర్ వచ్చి ఎస్‌సీ-100 అనే దావా ఫారం అందరికీ తలా ఒకటి పంచి, మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఒక్కొక్కటే ఏం రాయాలో చెప్పింది. నా పక్కన కూర్చున్న పంజాబీ ట్రక్ డ్రైవరన్న ప్రతి గడినీ వేలు పెట్టి చూసుకుంటూ పెన్సిలుతో నింపుకున్నాడు, ఆ వేలు చూస్తుంటే నాకు మా అత్త పాల పుస్తకమే కళ్ళ ముందు కనపడింది. డిపాజిట్ 21 రోజుల్లో ఇవ్వాలనీ, కావాలని ఎగ్గొడితే కోర్టు దానికి రెండింతల దాకా అదనంగా కట్టించొచ్చనీ ఆ రోజే తెలిసింది, ఆ చట్టం నంబర్ వేసి ఓనర్‌కి ఒక లెటర్ రాస్తే దావా దాకా పోకుండానే చెక్కు వచ్చింది.

నాకు నచ్చిన ఇంకో సంగతి, ఆ క్లాసు మొదట్లోనే ఆమె ఒక గీత గీసింది: చట్టం ఏం చెప్తుందో చెప్తాను, మీ కేసులో మీరేం చెయ్యాలో మాత్రం ఇక్కడ చెప్పను, దానికి మీ లాయర్ ఉండాలి అని. ఇది చాలా ముఖ్యం. మన దగ్గర ఇట్టాంటిది పెడదాం అనగానే ప్లీడర్ల కడుపు కొట్టినట్టు కదా అనేవాళ్ళున్నారు, కానీ నేను మాట్లాడిన ప్లీడర్లందరూ చెప్పిన మాట ఒకటే, జనం మా దగ్గరికి ఆలస్యంగా వస్తున్నారు, కాగితాలు లేకుండా వస్తున్నారు అని.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కాగితం మీద సంతకం పెట్టని ఇల్లు ఉందా? రొయ్యల గుంటలకి మేత అప్పు తెచ్చుకోవాలంటే డీలరుకి ఖాళీ చెక్కులు ఇస్తారు, పొగాకు రైతు ఆకు కాల్చే బ్యారన్ కోసం అప్పు చేస్తే ఖాళీ నోటు మీద సంతకం పెడతాడు, మనోడే కదా అని. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఇచ్చామంటే దాన్ని నింపుకునే అధికారం కూడా మనమే ఇచ్చినట్టని చట్టంలో ఉంది, ఈ సంగతి తెలిసి పెట్టేవాళ్ళు ఎందరు? చెక్కు బౌన్స్ అయితే వచ్చే నోటీసుకి 15 రోజుల్లో డబ్బు కడితే క్రిమినల్ కేసు దాకా పోదు, కానీ ఆ నోటీసుని పోస్ట్‌మ్యాన్ దగ్గర తీసుకోకుండా వెనక్కి పంపితే కేసు తప్పిపోద్దని ఊళ్ళో గట్టి నమ్మకం. సమన్లు అంతే, కోర్టు అమీనా వస్తే ఇంట్లో లేరని చెప్పిస్తారు, తీసుకోనన్నా ఇచ్చినట్టే కోర్టు లెక్కేసుకుని ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మనం లేకుండానే తీర్పు, ఇస్తది, ఆ సంగతి పొలం జప్తుకి వచ్చినరోజు తెలుస్తుంది. ఎక్స్‌పార్టీ తీసేయమని అడగడానికి ఉండేది 30 రోజులు.

ఆడపిల్లల ఆస్తి సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ సవరణ 1985లోనే వచ్చింది, అప్పటికి పెళ్ళికానివాళ్ళకి వర్తించేట్టు. దేశమంతా 2005లో వచ్చింది, తండ్రి అప్పటికి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఇన్నేళ్ళైనా పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా అని చెప్పి చెల్లెళ్ళ చేత సంతకాలు పెట్టించుకునే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి, ఈ పత్రిక చదివేవాళ్ళలోనూ ఉన్నాయి.

నా సంగతి చెప్తా. మా పొలం చేసే అన్న ఏటా కౌలు కార్డు కాగితం మీద ఓనర్ సంతకం కావాలని అడిగేవాడు, నేను పెట్టలేదు. పెడితే పొలం పోద్దని మా వాళ్ళు భయపెట్టారు, నేనూ భయపడ్డాను. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం చదివితే తెలిసింది ఆ కార్డు 11 నెలలకే, పంట మీద రుణం, బీమా, నష్టపరిహారం ఇట్టాంటివాటికే, భూమి మీద కౌలుదారుకి దానివల్ల ఏ హక్కూ రాదు. నేను సంతకం పెట్టని రెండేళ్ళూ ఆయనకి బ్యాంకులో అప్పు పుట్టలేదు, రెండు రూపాయల వడ్డీకి తెచ్చి వరి వేశాడు. అమెరికాలో కూర్చుని నేను పడిన భయానికి వడ్డీ కట్టింది ఆయన. ఇప్పుడు పెడుతున్నాను, మీరూ పెట్టండి అని చేతులెత్తి అడుగుతున్నా.

ఫ్రీ లీగల్ ఎయిడ్ లేదా అంటే ఉంది. 1987 చట్టం ప్రకారం జిల్లా న్యాయసేవాధికార సంస్థ నెల్లూరులో ఉంది, ఒంగోల్లో ఉంది, 15100కి ఫోన్ చెయ్యొచ్చు. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఫ్రీగా లాయర్‌ని ఇస్తారు, ఈ ముక్క మా అత్తకి 2017లో తెలీదు, నాకూ తెలీదు. న్యాయ విజ్ఞాన సదస్సులు కూడా పెడతారు, జడ్జిగారు వస్తారు, మంచి మాటలే చెప్తారు. కానీ సదస్సు ఒకరోజు వచ్చి పోద్ది, మనిషికి నోటు మీద సంతకం పెట్టే అవసరం ఇంకో రోజు వస్తుంది. అందుకే నేను అడిగేది క్లాసు. ప్రతి వారం ఒకే రోజు, ఒకే టైం, ఒకే చోట, ఒక్కటే విషయం, చేతిలో ఒక కాగితం. ఒక వారం నోటు, ఒక వారం వీలునామా, ఒక వారం పొలం కాగితాలు, అంటే అడంగల్, 1బి, రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఏ జాబితా. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు సరిగ్గా సంతకం పెట్టాలి అన్నది ఒక్క సాయంత్రంలో చెప్పొచ్చు.

చోటు కోసం వెతకాల్సిన పనిలేదు. మండలాల్లో శాఖా గ్రంథాలయాలున్నాయి, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు మన ఊళ్ళవాళ్ళు కడుతూనే ఉన్నారు, అంటే ఆ గది వాళ్ళదే. నెల్లూరులో వీఆర్ లా కాలేజీ పిల్లలున్నారు, రిటైరైన కోర్టు ఉద్యోగులున్నారు, ఫారం ఎట్టా నింపాలో వాళ్ళకంటే బాగా ఎవరికీ తెలీదు. ప్రకాశం జిల్లాకి ఆ పేరు పెట్టిందే ఒక బారిస్టర్‌ని తలుచుకుని, ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపిన తల్లి కొడుకు, సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మొదలై లండన్ పోయి చదివొచ్చినాయన. ఆ జిల్లాలో చట్టం చదువుకున్నవాళ్ళ సొత్తుగా మిగిలిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక్కడ అమెరికాలో ఉన్న మన సంఘం ఏటా ఊళ్ళో మెడికల్ క్యాంపు పెడుతుంది, బడులకి బల్లలు ఇస్తుంది, అవి ఆపమని నేను అనను. వాటి పక్కన ఇదొకటి పెట్టండి. వచ్చి చెప్పేవాళ్ళకి దారిఖర్చు, జిరాక్సులు, టీలు, ఇంతే ఖర్చు. క్లాసు మొత్తం తెలుగులో ఉండాలి, దావా అనాలి, వాయిదా అనాలి, కాలదోషం అంటే, గడువు దాటిపోవడం అంటే, ఏందో బోర్డు మీద తేదీలు వేసి చూపించాలి. మనకి కూడా ఆన్‌లైన్లో ఒకటి పెట్టుకోవాలి, ఎందుకంటే ఇక్కడ రాసి పంపిన పవర్ ఆఫ్ అటార్నీకి ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలని తెలీక నేను పంపినది మా తమ్ముడి బీరువాలో అయిదు నెలలు ఉండిపోయింది, మళ్ళీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది.

పోయినసారి వెళ్ళినప్పుడు మా అత్తని తీసుకుని దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. ఇరవై కుర్చీలున్నాయి, ఒక ఫ్యాన్ తిరగడం లేదు, పేపర్లు చదువుకునే నలుగురు పెద్దవాళ్ళున్నారు. సాయంత్రం అయిదు తర్వాత గది ఖాళీగానే ఉంటుంది, పై ఆఫీసు నుంచి ఒక లెటర్ తెచ్చుకోండి, తాళం నేనే తీస్తాను అన్నారు లైబ్రేరియన్ గారు. ఆ లెటర్ కోసం అర్జీ రాసి ఉంచాను, కమిటీ మీటింగులో ప్రెసిడెంటు గారి సంతకం పెట్టించి ఇస్తే సంక్రాంతికి వెళ్ళేటప్పుడు తీసుకుపోతాను.