రికార్డు బుక్కులో ‘రంది’కి చోటెక్కడ?

హైదరాబాద్‌లో ఇంటర్ పూర్తయిన అమ్మాయి ‘సైకాలజీ తీసుకుంటా’ అనగానే డాలస్‌లోని పిన్నికో, న్యూజెర్సీలోని మేనమామకో ఫోన్ వెళుతుంది. ‘దానికి అక్కడ స్కోప్ ఉందా?’ అని. జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. అడగాల్సింది మాత్రం అది కాదు.

ముందు స్కోప్ సంగతి తేల్చేద్దాం. డిగ్రీ పట్టాతో హైదరాబాద్‌లోనైనా, అమెరికాలోనైనా ఎవరూ సైకాలజిస్టు అయిపోరు. భారత్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరులో పేరుండాలి. డిగ్రీ, పీజీ, ఆపైన ఆస్పత్రిలో రోగులను చూస్తూ చేసే రెండేళ్ల ఎం.ఫిల్... ఇన్నాళ్లూ నడిచిన దారి ఇది. 2020 జాతీయ విద్యా విధానం ఎం.ఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 ప్రవేశాల దాకా గడువిచ్చారు. కాబట్టి ఇప్పుడు చేరేవాళ్లు సీనియర్లు చెప్పిన దారిని నమ్ముకోకుండా, కౌన్సిల్ ఆమోదించిన కోర్సుల జాబితాను ఏటా చూసుకోవాలి. ‘దూరవిద్యలో కట్టేయ్, పోతుంది’ అనే సలహాకూ కాలం చెల్లింది. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ చెప్పేసింది. ఇక అమెరికాలో సైకాలజిస్టు లైసెన్సుకు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ డాక్టరేట్ కావాలి. కౌన్సెలర్ లైసెన్సుకు మాస్టర్స్ చాలు, అదీ చాలా రాష్ట్రాల్లో 60 క్రెడిట్లది. మూడేళ్ల డిగ్రీని అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. ఒప్పుకునేవి కూడా మార్కుల జాబితాలో స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్ ఉన్నాయా అని చూస్తాయి.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ మూడేళ్లలో ఏం కొలవడం నేర్పుతారు? ఎవరి మీద? ఏ భాషలో?

ఉస్మానియా పరిధిలోని కాలేజీల్లో సైకాలజీ సాధారణంగా బీఏలో మరో రెండు సబ్జెక్టులతో కలిసి వస్తుంది. చాలా సీట్లు డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం ‘దోస్త్’ ద్వారానే నిండుతాయి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. లెక్కల బాధ తప్పుతుందని చేరిన హెచ్‌ఈసీ పిల్లలకు స్టాండర్డ్ డీవియేషన్, టీ-టెస్టు, కోరిలేషన్ ఎదురైనప్పుడు అసలు బాధ మొదలవుతుంది. అక్కడ భయపడి సూత్రాలు బట్టీ పట్టినవాళ్లకు ప్రాక్టికల్స్ కూడా బట్టీయే అవుతాయి.

ప్రాక్టికల్ రికార్డులు తిరగేస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. ముల్లర్-లయర్ భ్రమ ప్రయోగాన్నే తీసుకోండి. చివర్లలో బాణం గుర్తులు ఎటు తిరిగాయన్నదాన్ని బట్టి సమానమైన గీతలే పొట్టిగానో పొడవుగానో కనిపించడం ఆ భ్రమ. బాణం తలలున్న గీతకు సమానమయ్యేలా రెండో గీతను జరపమంటారు. ఇరవై సార్లు చేయిస్తే పది సార్లు పొట్టి గీతతో మొదలుపెట్టి పెంచుతూ, పది సార్లు పొడవుతో మొదలుపెట్టి తగ్గిస్తూ చేయించాలి. బోర్డును కూడా సగం సార్లు కుడివైపు, సగం సార్లు ఎడమవైపు తిప్పాలి. టైము లేదని అన్నీ ఒకే వైపు నుంచి చేయిస్తే కంటి భ్రమ ఎంతో, చేతి అలవాటు ఎంతో విడదీయలేం. పైగా సబ్జెక్ట్‌గా, అంటే పరీక్ష చేయించుకునే మనిషిగా, కూర్చునేది పక్క బెంచీ స్నేహితురాలే. ఫలితం ఎలా రావాలో ఆమెకు ముందే తెలుసు. తెలిసిన మనిషిని కొలిస్తే వచ్చేది మొహమాటమే. పోయినేడు సీనియర్ రాసిన అంకెలే ఈ ఏడు రికార్డులోకి దిగిపోవడం ఇంకో ముచ్చట. దాని మీదా సార్ సంతకం పడుతుంది.

భాష దగ్గరికొస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. అంకెల జ్ఞాపక పరీక్షలో సెకనుకు ఒకటి చొప్పున, గొంతు ఎత్తకుండా దించకుండా చదవాలి. ఒకేసారి ఎన్ని గుర్తుంటాయన్నదానికి 1956లో సైకాలజిస్టు జార్జ్ మిల్లర్ ‘ఏడు, రెండు అటూ ఇటూ’ అన్న మాట ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. అయితే ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది దాకా ‘సెవెన్’ తప్ప అన్నీ ఒక్క అక్షరం పలుకే. తెలుగులో ఒక్కటీ అంత చిన్నది లేదు. ‘ఎనిమిది’ నాలుగక్షరాలు. మనసులో రెండు సెకన్లలో ఎంత పలకగలమో దాదాపు అంతే గుర్తుంటుందని 1975లో సైకాలజిస్టు అలన్ బాడ్లీ బృందం చూపింది. 1980లో వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లను పరీక్షిస్తే వెల్ష్ అంకెలతో తక్కువ గుర్తున్నాయి. కారణం ఆ అంకెల పొడవే. ఈ లెక్కన తెలుగులో పరీక్షించి ఇంగ్లీషు ప్రమాణంతో పోలిస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషికి ‘మతిమరుపు’ ముద్ర పడవచ్చు. ఫోన్ నంబరును తెలుగు మాటల మధ్య కూడా ఇంగ్లీషులోనే చెప్పే ఊరు మనది. కాబట్టి ఏ భాషలో అడిగారో, సబ్జెక్ట్ ఏ భాషలో తిప్పి చెప్పాడో రికార్డులో రాయించాలి. ఆ గడి ఉండాలని ఎందరికి తడుతుంది?

అంకెల గతే ఇలా ఉంటే మనసు సంగతి చెప్పేదేముంది. పత్రికల్లో ‘కుంగుబాటు’ అని రాస్తాం. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఓపీకి వచ్చే తల్లి ఆ మాట అనదు. ‘రంది పెట్టుకున్నడు’, ‘బుగులైతుంది’, ‘పాణం మంచిగ లేదు’ అంటుంది. ఆ ‘పాణం’లో ఒళ్లూ మనసూ రెండూ ఉన్నాయి. శారీరక లక్షణాలు ఒక పక్క, మానసిక లక్షణాలు ఇంకో పక్క అని గీత గీసిన ప్రశ్నావళి ఆమె మాటను ఏ గడిలో వేస్తుంది? ఇంగ్లీషు మీడియంలో మూడేళ్లు చదివి ‘యాంగ్జైటీ’కి నిర్వచనం అప్పజెప్పే విద్యార్థికి ‘బుగులు’ వినపడకపోతే ఆ చదువులో పెద్ద గుంట ఉన్నట్టే.

దాన్ని పూడ్చే పద్ధతి డిగ్రీ స్థాయిలోనే నేర్పవచ్చు. కుంగుబాటును కొలిచే, ఉచితంగా వాడుకోదగ్గ పీహెచ్‌క్యూ-9 లాంటి ప్రశ్నావళిని తీసుకుని ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. రెండింటినీ కలిపి ఒకటిగా దిద్దాలి. ఇంగ్లీషు మూలం చూడని మూడో మనిషి దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తేవాలి. అర్థం జారిన చోట మార్చాలి. తర్వాత చదువు, వయసు, జిల్లా వేర్వేరుగా ఉన్న పది పదిహేను మందికి చదివి వినిపించి, ‘ఇది మీకేమనిపించింది?’ అని అడగాలి. ఎక్కువగా బెడిసేవి రెండు. ‘నిద్ర పట్టకపోవడం లేదు’ లాంటి రెండు కాదుల వాక్యం ఒకటి. ‘అప్పుడప్పుడు’, ‘తరచుగా’ మధ్య తేడా ఎవరికీ తెలియకపోవడం రెండోది. పోయిన రెండు వారాల్లో ఎన్ని రోజులు అని అడిగితే ఈ రెండో చిక్కు విడిపోతుంది. డబ్బు పెట్టి కొనాల్సిన పరీక్షలను మాత్రం అనుమతి లేకుండా తెలుగు చేయకూడదు.

ఇదంతా చిల్లర పని అనుకునేవాళ్లు హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రి వైపు చూడాలి. అప్పట్లో అక్కడ న్యూరాలజిస్టుగా ఉన్న సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించింది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే రెండో భాష కూడా వచ్చినవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఒకే ఇంట్లో కలగలిసే హైదరాబాద్ అలాంటి ప్రశ్నకు సరైన చోటు.

అమెరికాలోని మన తెలుగు సంఘాలు ఏటా ఇచ్చే స్కాలర్‌షిప్పులను తప్పుబట్టనక్కర్లేదు. కాకపోతే ఒక ఏడు ఆ డబ్బులో కొంత పక్కన పెట్టి రెండు మూడు కాలేజీల ల్యాబులకు పరీక్షల లైసెన్సులు కొనిపెట్టవచ్చు. మహబూబ్‌నగర్, ఖమ్మం, పాతబస్తీల నుంచి రెండొందల మందిని తెలుగులో పరీక్షించేందుకు విద్యార్థులకు దారిఖర్చులివ్వవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను అక్కడి డాక్టరు దగ్గర కూర్చోబెట్టి, జ్ఞాపకశక్తి ప్రశ్నలను అప్పటికప్పుడు నోటితో తెలుగు చేస్తున్నది మన పిల్లలే కదా.