పనివాళ్ల పాత్రలే కాదు

పాత హాలీవుడ్ హారర్ సినిమాల్లో నల్లజాతి నటులకు పనివాళ్ల వేషాలే దక్కాయని మీరు వేసిన వ్యాసంలో రాశారు. చాలావరకు నిజమే. కానీ 1940లో వచ్చిన ‘సన్ ఆఫ్ ఇంగాగి’ని వదిలేయడం బాగాలేదు. అందులో నటులంతా నల్లవాళ్లే, కథ స్పెన్సర్ విలియమ్స్‌ది, లారా బౌమన్ వేసింది డాక్టరు పాత్ర.

లేచిన శవాలు ఒక ఇంటిని చుట్టుముట్టే 1968 నాటి ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’నైతే ఒక్క వాక్యంలో తేల్చేశారు. స్క్రిప్టులో కథానాయకుడు బెన్ మొరటు ట్రక్కు డ్రైవరు. ఆ పాత్ర వేసిన నల్లజాతి నటుడు డ్యూయెన్ జోన్స్ ఆ మాటతీరు మార్చి, నిబ్బరంగా ఆలోచించే మనిషిని నిలబెట్టాడు. కిటికీలకు చెక్కలు కొట్టేది, అందరికీ పని పురమాయించేది అతనే. అతని రంగు గురించి సినిమాలో ఎవరూ ఒక్క మాట అనరు.

హనుమకొండ, కరీంనగర్ కాలేజీల్లో ఎవరైనా ఈ బ్లాక్ అండ్ వైట్ సినిమా వేస్తే కాపీ చూసుకోండి. సినిమా పేరు మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన ఎగిరిపోయి హక్కులూ పోయాయి, అందుకే నాసిరకం కాపీలు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. కాపీకి కాపీ తీసినకొద్దీ కాంట్రాస్ట్ పెరిగి నీడలు ముద్దయిపోతాయి, ముందు దెబ్బతినేది జోన్స్ ముఖమే. ప్రొజెక్టర్ బ్రైట్‌నెస్ పెంచినా పోయిన వివరం రాదు, నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది, అంతే. ఒరిజినల్ నెగెటివ్ నుంచి చేసిన 4కె ప్రతి తీసుకోండి. రంగులద్దినది వద్దేవద్దు. నిడివి 96 నిమిషాలు, చర్చకు ఇంకో అరగంట పెట్టుకోండి.

ఆ చర్చలో మన సినిమాల సంగతీ ఎత్తాలి. మేడారంలో కోయ పూజారులు తల్లులను గద్దెలకు తెచ్చే తీరు లక్షల మంది కళ్లారా చూస్తారు. తెర మీద మాత్రం అడవి మనిషి అనగానే పుర్రె, బలి, డప్పు. దీని మీద కూడా ఒక వ్యాసం రాయండి.