స్కిల్ మ్యాట్రిక్స్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్కిల్ మ్యాట్రిక్స్ గారి దివ్యసముఖమునకు, చిత్తూరు దగ్గరి ఓ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ క్వాలిటీ సెక్షను గుమాస్తా నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

పనివాళ్ల నైపుణ్యాల పట్టికగా తమరు లామినేషన్ చేయించుకుని గోడమీద వెలసిన నాటినుంచి ఎవరికేం వచ్చో మాకు అనుమానమే లేదు. ఎర్ర గడి అయితే పని రాదు, ఆకుపచ్చ అయితే వచ్చు. ఆడిటరు వస్తున్నాడంటే ముందురోజు రాత్రే హెచ్చార్ సారు కూర్చుని అందరికీ విద్య ప్రసాదిస్తారు. సరస్వతీదేవికైనా అంత చురుకు లేదు.

కాయలు మాగేసే గది దగ్గరి తాత వరస ఒక్కటే ఎర్రగా మిగిలింది. సర్టిఫికెట్ లేదు మరి. తోతాపురి లోడు దిగగానే క్రేట్‌లో చెయ్యిపెట్టి, తొడిమ దగ్గర ఒత్తి, వాసన చూసి "ఇది రేపటికి, అది ఎల్లుండికి" అని వేరుచేసేవాడు. గుజ్జు తీశాక తీపి కొలత బ్రిక్స్ 14 వచ్చిందో లేదో చెప్పడానికి మీటరుంది. తాత కాయ మీదే చెప్పేవాడు. రంగు చూసి తీర్పు చెప్పడం తమరికి చెల్లింది గానీ తోతాపురి దగ్గర చెల్లదు.

ఆయన మానేసే రోజు మధ్యాహ్నం నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ జరిపించాం. "తెలిసినదంతా క్లుప్తంగా రాయండి" అని ఫారం, కింద నాలుగు గీతలు. "ఏం రాయల్ల నాయనా, పట్టి చూస్తే తెలస్తాది" అన్నాడు. అదే రాసుకున్నాం. సంస్థకున్న జ్ఞానాన్ని నిలుపుకోవాలని నాణ్యతా ప్రమాణం ఐఎస్ఓ 9001లో 2015 నుంచీ 7.1.6 అనే నిబంధన ఉంది. నిలుపుకున్నాం, బీరువాలో.

జపాన్‌లో మత్సుషితా కంపెనీవాళ్లు తెలివితక్కువవాళ్లు కాబోలు. రొట్టెల యంత్రం కుదరకపోతే ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని ఒసాకా హోటల్లో రొట్టెల మేస్త్రీ దగ్గర శిష్యరికానికి పెట్టారు. ఆయన పిండిని సాగదీసే తీరు పట్టుబడ్డాకే యంత్రం దారికొచ్చిందని మేనేజ్‌మెంట్ పండితుడు నొనాకా 1991లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. మేమూ ఓ కుర్రాణ్ణి సీజనంతా తాత వెంట తిప్పుదామన్నాం. "అన్నాళ్లు వాడి గడికి ఏ రంగెయ్యాలి?" అని తమరి తరఫున సారు అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

తాత ఇప్పుడు రోడ్డవతలి ఫ్యాక్టరీలో ఉన్నాడు. అక్కడ తమరివంటి వారు లేరట, ఇద్దరు కుర్రాళ్లు మాత్రం పొద్దస్తమానం ఆయన వెనకే తిరుగుతున్నారు. మొన్న మా బ్యాచ్‌లో పుల్లకాయ పడి సరుకు ఆగింది. కొన్నవాడు తర్వాతి ఆర్డరు రోడ్డు దాటించాడు.

అయినా తమరు దిగులుపడనక్కర్లేదు. తాత వరస కొట్టేశాం కదా, గోడంతా ఇప్పుడు పచ్చగానే ఉంది. ఆడిటరు ముచ్చటపడి ఫోటో కూడా తీసుకున్నాడు.

ఇట్లు,
తమరి లెక్కలో 'అన్నీ వచ్చిన'
గుమాస్తా